మొదలు మిగిలితేనే నన్నారి

సీమ వేసవిని చల్లబరిచే షర్బత్ వెనుక కొండరాళ్ల మధ్య పెరిగే ఒక తీగ ఉంది. వదిలేస్తే తనంతట తాను తిరిగి లేచే తీగ అది. దానికి కావాల్సింది కొంత వ్యవధి. దాన్ని తవ్వి బతికేవాళ్లకు కావాల్సింది కొంత భరోసా.

మార్చి సగం గడిచేసరికి కడప, తిరుపతి, అనంతపురం, మదనపల్లె వీధుల్లోకి తడిగుడ్డ చుట్టిన కుండలతో తోపుడుబండ్లు వచ్చేస్తాయి. "అన్నా, ఒక నన్నారి" అంటే చాలు. గ్లాసు అడుగున ముదురు గోధుమరంగు పాకం పడుతుంది. దాని మీద నిమ్మచెక్క పిండుతారు. నానిన సబ్జా గింజలు, ఐసుముక్కలు వేసి, అడిగినవాళ్లకు సోడా, లేదంటే చల్లటి నీళ్లు పోస్తారు. నోట్లో పడగానే ముందు తీపి, వెంటనే పులుపు, ఆ రెండూ దిగాక ముక్కు దాకా వచ్చే ఒక వేరు వాసన. వెనిల్లాకు దగ్గరగా ఉంటుంది, కానీ తడిసిన మట్టి కూడా అందులో కలిసినట్టు ఉంటుంది. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో, ఎండలో నడిచొచ్చిన చుట్టానికి మంచినీళ్ల తర్వాత ఇచ్చే మర్యాదలో, అన్నిట్లోనూ అది ఉంది.

ఆ వాసన ఒక అడవి తీగ వేరుది. శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనీ. తెలుగునాట మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు, బర్రె సుగంధి, నన్నారి గడ్డలు అని ప్రాంతానికో పేరు. శివుడికి దళాలు సమర్పించే మారేడు చెట్టు వేరు, ఇది వేరు. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. ప్రపంచ స్థాయిలో జీవజాతుల స్థితిగతులను లెక్కగట్టే ఐయూసీఎన్, 2015లో దీన్ని అంతరించే ముప్పున్న మొక్కల జాబితాలో చేర్చింది. ప్రతి వేసవిలో మనం ఇష్టంగా తాగే పానీయానికి ఆధారమైన మొక్క అడవిలో తగ్గిపోతోందన్నమాట.

తాగడం మానేయమని చెప్పడానికి ఈ కథనం రాయడం లేదు. నన్నారి తీగకు మళ్లీ చిగురించే శక్తి ఉంది, మొదలు వదిలి తవ్వితే. మొదలు వదిలేయాలని తవ్వే మనిషికి అనిపించాలంటే, ఇంకో నాలుగేళ్లకు అదే తీగ దగ్గరికి ధైర్యంగా వచ్చే హక్కు అతనికి ఉండాలి, తీసుకెళ్లిన వేరుకు న్యాయమైన ధర దక్కాలి. నన్నారి సంరక్షణ గురించి మాట్లాడేటప్పుడు మొక్క గురించి చాలా చెబుతాం. ఆ మనిషి గురించి మాత్రం దాటేస్తాం.

రాతి పలకల మధ్య

శేషాచలం కొండల్లో నడిచినవాళ్లకు తెలుసు, అక్కడ కాలికింద మట్టి కంటే రాయే ఎక్కువ. వంద కోట్ల ఏళ్లకు పైబడిన క్వార్ట్‌జైట్ పలకలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. ఆ పగుళ్లలో పేరుకున్న జానెడు మట్టిలోనే ఎర్రచందనం నిలబడుతుంది. నన్నారి తీగ కూడా అక్కడే వేరూనుతుంది. వాన తక్కువ, నీరు నిలవదు, ఎండకు రాయి కాలిపోతుంది. నల్లమలలోనూ, తమిళనాడు, కర్ణాటక సరిహద్దు కొండల్లోనూ, కేరళలో కొంతమేరా ఇలాంటి పొడి అడవుల్లోనే ఇది కనిపిస్తుంది.

తీగను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఎదురెదురుగా నున్నటి, కాస్త దళసరి ఆకులు. ఎక్కడ తుంచినా పాలు కారతాయి. పక్కనున్న పొదనో చిన్న చెట్టునో అల్లుకుని పైకి పాకుతుంది. ఏటా కొంతకాలం ఆకు రాల్చేసి వట్టి పుల్లలా మిగులుతుంది. కొత్తగా చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు. ప్రాణమంతా కిందే ఉంటుంది. మొదలు నుంచి నాలుగు వైపులకూ కండపట్టిన వేళ్లు గుత్తిగా రాళ్ల కిందికి పాకి ఉంటాయి. వానాకాలంలో సంపాదించిన నీటినీ ఆహారాన్నీ తీగ ఆ వేళ్లలో దాచుకుంటుంది. కొత్త చిగురు తొడగడానికి ఆధారం ఆ నిల్వే. మనకు కావాల్సిన వాసన కూడా సరిగ్గా ఆ నిల్వలోనే ఉంది. చిక్కంతా అక్కడ మొదలవుతుంది. ఆకో, పండో, బంకో మందుగా వాడే మొక్కకైతే కోత తర్వాత కూడా ప్రాణం ఉంటుంది. వేరు కోసం తవ్వే మొక్క సంగతి అలా కాదు.

ఈ మొక్కను 1834లో రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్తలు పుస్తకానికెక్కించారు. వైట్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, రంగయ్య, గోవిందు అనే చిత్రకారుల చేత దక్షిణాది మొక్కల బొమ్మలు వేలకొద్దీ గీయించినవాడు. పుస్తకాల్లో చేరకముందే ఈ వేరు యానాదులకూ, చెంచులకూ, కన్నడ కొండల్లోని సోలిగలకూ తెలుసు. ఆకలి పుట్టించడానికి, ఒంట్లో వేడి తగ్గించడానికి, నెత్తురు శుద్ధికి అని వాళ్లు వాడుతూ వచ్చారు. తమిళులు దీన్ని మాహాళి కిళంగు అంటారు. ముక్కలు కోసి, పెరుగులో ఊరబెట్టి, కారం కలిపి ఏడాదంతా నిలవ ఉండే పచ్చడి పెడతారు. కన్నడిగులకు ఇది మాకళి బేరు, వాళ్ల ఇళ్లలోనూ ఉప్పినకాయే. రాయలసీమలో మాత్రం ఇది షర్బత్‌గా మారి వీధికెక్కింది.

ఆయుర్వేదంలో సారివా అనే మందుకు అసలైన మొక్క నన్నారి కాదు, సుగంధిపాల. పొలం గట్ల మీద, బీళ్లలో సన్నగా పాకే తీగ అది. మన ఊళ్లలో ఇప్పటికీ దొరుకుతుంది. రెండింటి వాసనకూ మూలం ఒకటే పదార్థం, 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. సుగంధిపాల వేరు మాత్రం దారంలా సన్నం. ఒక్కో మొక్క నుంచి వచ్చేది గుప్పెడే. నన్నారి తీగ ఒక్కటి దొరికితే గంప బరువు మారిపోతుంది. మందుల తయారీదారులు, షర్బత్ చేసేవాళ్లు, పచ్చడి పెట్టేవాళ్లు ముగ్గురూ ఒకే తీగ వైపు తిరిగింది అందుకే. పొలం గట్టున ఉన్న మొక్క చేయాల్సిన పనిని కొండ మీది మొక్క నెత్తికెత్తారు.

ఈ వేళ్లను ఇంట్లో దాచిపెడితే పురుగు పట్టదని గిరిజనులు ఎప్పుడో గమనించారు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ దారిలోనే వెళ్లి, నిల్వ ధాన్యానికి పట్టే పురుగుల మీద ఈ వేరు పనిచేస్తుందని ప్రయోగశాలలో చూపించారు. ఒక్క పరిమళం కోసమే అయినా కాపాడుకోవాల్సిన మొక్కే ఇది. దాని లోపల ఇంకా ఇలాంటివి ఎన్నో ఉన్నాయి.

పూసినవన్నీ కాయలు కావు

అడవిలో ఒక మొక్క తనను తాను నిలబెట్టుకోవడానికి రెండు దారులుంటాయి. ఒకటి గింజ, ఇంకొకటి మొదలు నుంచి మళ్లీ లేచే చిగురు. నన్నారికి గింజ దారి చాలా ఇరుకు.

పూతకు కొదవ లేదు. చిన్న చిన్న పూలు గుత్తులుగా వస్తాయి. కాయ కట్టడంలోనే కష్టం. ఈ రకం పూలలో పుప్పొడి గాలికి ఎగిరే పొడిగా రాలదు. జిగురు అంటిన బుల్లి చెంచాలాంటి భాగం మీద కూర్చుని ఉంటుంది. తగిన సైజు పురుగు పువ్వులోకి దూరి, ఆ చెంచాను ఒంటికి తగిలించుకుని, మరో పువ్వులో సరిగ్గా దాని చోట దాన్ని దించాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎ.జె. సోలమన్ రాజు తన సహ పరిశోధకుడితో కలిసి ఈ తీగ పరాగసంపర్కం మీదా, మొలకల తీరు మీదా చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. సహజంగా కాయ కట్టే పూలు నూటికి రెండు మించవని అందులో తేలింది. అడవిలో తీగలు పలచబడేకొద్దీ ఒక తీగ పువ్వుకూ ఇంకో తీగ పువ్వుకూ దూరం పెరుగుతుంది. ఆ దూరాన్ని దాటాల్సింది చిన్న పురుగు. తవ్వకం వల్ల పోయేది తవ్విన తీగ ఒక్కటే కాదని నేననేది ఇందుకే. మిగిలిన తీగ కూడా కొంత గొడ్డువోతుంది.

కట్టిన ఆ కాస్త కాయలు మాత్రం ఉదారంగా ఇస్తాయి. జంటగా వచ్చే పొడుగాటి కాయలు ఎండి పగిలితే, జిల్లేడు గింజలకున్నట్టే పట్టుకుచ్చులున్న గింజలు బోలెడు బయటికి వచ్చి గాలికి లేస్తాయి. ఎక్కడ దిగితే అక్కడే వాటి రాత. రాతి పలక మీద దిగితే ఎండిపోతాయి. దట్టంగా పడిన ఎండుటాకుల మీద, గడ్డి మీద ఆగితే మట్టి అందదు. పగుల్లోకి జారి, తడి తగిలిందంటే మొలుస్తుంది. తాజా గింజ బాగానే మొలుస్తుంది, ఏ మొండితనమూ లేదు. నిల్వ పెడితే మాత్రం మొలిచే శక్తి త్వరగా పోతుంది. కాబట్టి నేలలో ఏళ్ల తరబడి దాగి ఉండి, మంచి వాన కోసం కాచుకునే గింజల నిధి ఈ మొక్కకు లేదు. ఈ ఏటి గింజ ఈ ఏటికే.

మొలిచింది నిలబడటం ఇంకో పరీక్ష. తొలకరి కురిసి, ఆ తర్వాత వారాల తరబడి వాన మొహం చాటేయడం సీమలో కొత్త సంగతి కాదు. జానెడు మట్టిలో వేరు కండపట్టే లోపే నీరు ఇంకిపోతుంది. తట్టుకున్నదాన్ని మేక కొరుకుతుంది. మేక వదిలినదాన్ని కార్చిచ్చు కాలుస్తుంది. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవి రోజుల తరబడి మండితే ఆర్పడానికి హెలికాప్టర్లు తేవాల్సి వచ్చింది. అంత పెద్దవి అరుదు గానీ, నేలబారుగా గడ్డిని కాల్చుకుంటూ పోయే చిన్న మంటలు ఏటా ఉన్నవే. పైన కాలిపోయినా ముదురు తీగ కింది నిల్వతో మళ్లీ లేస్తుంది. వేలెడు మొక్కకు కింద ఏ నిల్వా ఉండదు.

ఇన్ని గండాలు గడిచి ఒక గింజ తీగ అవుతుంది గనుకే కొండ మీద ఇప్పటికే ఉన్న ముదురు తీగ అంత విలువైనది. కరువులో అది ఆకు రాల్చి ఊపిరి బిగబట్టి ఉంటుంది. మంచి కాలం వస్తే పూస్తుంది. అలాంటి ఒక తీగను మొదలంటా పెకలిస్తే, దాని చోటు నింపే మొలక ఏటా పుట్టదు.

గునపం ఎక్కడ ఆగాలి

నన్నారి తవ్వడం తేలిక పని కాదు. ముందు పొదల్లో తీగను వెతకాలి. మొదలు చుట్టూ ఉన్న రాళ్లను గునపంతో కదిలించి పక్కకు దొర్లించాలి. వేరు తెగకుండా దాని వెంట పోవాలి. ఎండలో, నీళ్లు దొరకని వాలులో, మోకాళ్ల మీద కూర్చుని చేసే పని ఇది. తెచ్చిన వేళ్లను కడిగి, దంచి, లోపలి కట్టె లాంటి నడిమి భాగం తీసేస్తారు. పనికొచ్చేది దాని చుట్టూ ఉన్న కండే. దాన్ని ఎండబెట్టి, నానబెట్టి, ఆ సారాన్ని పంచదార పాకంలో కలిపితే నన్నారి. గ్లాసులో మన దాకా వచ్చేసరికి ఈ చాకిరీ అంతా కనిపించకుండా పోతుంది. ధరలో కూడా దాని వాటా చాలా చిన్నది.

తవ్వడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, మొదలును కదపకుండా ఒక వైపు మట్టి తీసి, లావెక్కిన పక్కవేళ్లను కొన్నింటిని కోసుకుని, మిగతావి వదిలి, తీసిన మట్టినీ రాళ్లనూ తిరిగి కప్పేయడం. వానలు పడితే తీగ కోలుకుంటుంది. కొన్నేళ్లు ఆగితే మళ్లీ వేళ్లు ఊరతాయి. రెండోది, మొదలుతో సహా గుత్తి మొత్తం పైకి లాగేయడం. గంప తొందరగా నిండుతుంది. గుంత తెరిచే ఉండిపోతుంది. తర్వాతి వానకు ఆ జానెడు మట్టి కూడా కిందికి కొట్టుకుపోయి, ఇంకో గింజ దిగడానికి చోటు కూడా మిగలదు.

అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు మొదటి పద్ధతిని మనం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. చెంచుల మధ్య ఉండి 1943లో వాళ్ల మీద గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, అడవి దుంపలే వాళ్ల తిండికి ఆధారమనీ, ఇనుప మొన ఉన్న తవ్వుడు కర్ర ప్రతి ఇంటి పనిముట్టు అనీ నమోదు చేశాడు. ఒకే కొండ మీద తరతరాలుగా దుంపలు తవ్వుకుని బతికిన మనుషులకు ఎక్కడ ఆగాలో తెలియకుండా ఉంటుందా? తెలిసినా ఆగలేని పరిస్థితి మధ్యలో వచ్చింది.

ఎందుకొచ్చిందో చూద్దాం. వ్యాపారి పచ్చివేరును కిలోల్లో కొంటాడు. మొదలు వదిలి తెచ్చినవాడికీ, వేళ్లతో పాటు మొదలూ పెకలించి తెచ్చినవాడికీ ఒకటే రేటు. రెండోవాడి గంపే బరువు. పైగా చాలామంది ముందే బాకీ తీసుకుని ఉంటారు. తీర్చాల్సింది బరువుతోనే. ఇవాళ నేను వదిలేసిన తీగను రేపు ఇంకొకడు లాగేస్తాడన్న భయం ఎలాగూ ఉంది. ఆ స్థితిలో మొదలు మిగల్చడానికి మంచితనం ఒక్కటే సరిపోదు. అతని జాగాలో ఉంటే నేనైనా మీరైనా గంప నింపుకునే వచ్చేవాళ్లం.

కొండకు వెళ్లే దారి ఎవరిది

శేషాచలంలో ఒక భాగం 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. 2010లో దాదాపు 4,755 చదరపు కిలోమీటర్ల మేర జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో వేరు తవ్వి అమ్ముకోవడం కుదరదు. దీనికి తోడు ఎర్రచందనం దొంగరవాణాను అడ్డుకోవడానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ కొండల్లో గాలిస్తూ ఉంటుంది. ఎర్రచందనాన్ని కాపాడటం ఎంత అవసరమో నాకు తెలుసు. ఎర్రచందనం పక్క పగుల్లోనే ఉన్న నన్నారి మీద ఈ కట్టడి ప్రభావం గురించి మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. కొనేవాళ్ల ఆశ తగ్గలేదు, కొండ ఎక్కేవాళ్ల అవసరం తీరలేదు. నిషేధం వల్ల తవ్వకం ఆగకుండా, దొంగచాటు తవ్వకంగా మారితే జరిగేది ఒకటే. భయంతో, చీకట్లో, హడావుడిగా తవ్వేవాడు మట్టి కప్పడానికి ఆగడు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇక్కడ ఒక తలుపు తెరిచింది. చిన్నతరహా అటవీ ఫలసాయం నిర్వచనంలోనే వేళ్లు, దుంపలు, మందుమొక్కలు ఉన్నాయి. వాటిని సేకరించి అమ్ముకునే హక్కు తరతరాలుగా అడవిని నమ్ముకున్నవాళ్లదని చట్టం చెబుతుంది. దాంతో పాటే అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. హక్కూ బాధ్యతా ఒకే చోట పెట్టిన చట్టం ఇది. అమలు మాత్రం నత్తనడక. నల్లమల చెంచుగూడేల సంగతి కొంత నయం. అడవి అంచున, ఊరి చివర గుడిసెల్లో ఉండే యానాదులకు సెంటు భూమి ఉండదు, చేతిలో పాత కాగితం ఉండదు. వాళ్లు ఫలానా కొండ మీద ఎప్పటి నుంచో తవ్వుకుంటున్నామని రుజువు చేయడం ఎలా? ఆ కొండ పేరు, ఆ బండ పేరు, ఏ వాగు దాటితే ఏ తీగ ఉంటుందో చెప్పగలగడమే వాళ్ల దగ్గరున్న రుజువు. దాన్ని రాసుకునే ఓపిక అధికారులకు ఉండాలి.

ఇలాంటిది సాధ్యమేనని చూపిన చోట్లు ఉన్నాయి. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్టలో సోలిగలు మాకళి బేరుతో సహా అడవి ఫలసాయం మీద బతికినవాళ్లు. అభయారణ్యం నిబంధనలతో 2006లో సేకరణ ఆగిపోయింది. వాళ్లు ఊరుకోలేదు. 2011లో సోలిగల గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. దేశంలో ఒక పులుల అభయారణ్యం లోపల అలాంటి హక్కులు గుర్తించడం అదే మొదటిసారి. అక్కడ ఉసిరి సేకరణ మీద బెంగళూరులోని ఏట్రీ సంస్థ శాస్త్రవేత్తలు సోలిగలతో కలిసి ఏళ్ల తరబడి లెక్కలు కట్టారు. ఏ చెట్టు ఎంత కాస్తోంది, ఎంత కోస్తున్నారు, కొత్త మొలకలు వస్తున్నాయా అని కోసేవాళ్లే చూసి చెప్పే పద్ధతి అది. నన్నారికి కూడా అలాంటి లెక్క కావాలి. ఏ కొండ మీద ఎన్ని మొదళ్లు ఉన్నాయో తెలియకుండా ఎన్ని గంపలు తేవచ్చో ఎవరు చెప్పగలరు?

అంతదూరం పోనక్కర్లేదు, మన దగ్గరే తపసి చెట్టు ఉంది. బంక కోసం గొడ్డలితో ఎడాపెడా నరికేవాళ్లు, చెట్లు చచ్చిపోయేవి. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అక్కడి కోవెల్ ఫౌండేషన్ కలిసి చిన్న గాటుతో, చెట్టుకు విశ్రాంతి ఇస్తూ, శుభ్రంగా బంక తీయడం గిరిజనులకు నేర్పాయి. నేర్పడం సగమే. శుభ్రమైన బంకకు ఎక్కువ ధర చెల్లించడం మిగతా సగం. చెట్టు బతికితే డబ్బు ఎక్కువ వస్తుందని రుజువయ్యాక పద్ధతి నిలిచింది. గిరిజన సహకార సంస్థే ఇవాళ నన్నారి షర్బత్ కూడా తయారుచేసి అమ్ముతోంది. మొదలు ముక్క కలవని, ముదిరిన పక్కవేళ్లకు ఒక ధర, గుత్తితో పెకలించిన సరుకు అసలు కొనబోమని ఒక మాట. ఈ రెండూ కొనుగోలు కేంద్రం దగ్గర అమలు చేస్తే చాలు, గునపం ఆగే చోటు మారుతుంది. వేరు చూసి మొదలు ముక్క ఏదో, పక్కవేరు ఏదో చెప్పగల మనుషులు ఆ గూడేల్లోనే ఉన్నారు.

తోటలోకి వస్తే

అడవి మీద భారం తగ్గాలంటే కొంత నన్నారి పొలంలో పెరగాలి. తిరుపతిలో హెర్బల్ ఫోక్‌లోర్ రీసెర్చ్ సెంటర్ నడిపిన వృక్షశాస్త్రవేత్త ఎస్. వేదవతి, ఈ వేరును దేశీ ఆరోగ్యపానీయానికి అంతరించిపోతున్న మూలంగా వర్ణిస్తూ 2004లోనే రాశారు. తాజా గింజను సంచుల్లో మొలిపించి, వానాకాలంలో గుంతల్లో నాటి, పాకడానికి ఆసరా ఇస్తే పెరుగుతుంది. కణజాల వర్ధనంతో మొక్కలు తయారుచేసే పద్ధతులూ ప్రయోగశాలల్లో సిద్ధంగా ఉన్నాయి. నీరు నిలవని రాతినేల, గరపనేల దీనికి నచ్చుతుంది. వేరుసెనగ వేసి ఏటా నష్టపోతున్న సీమ రైతు గట్ల మీదా, మామిడి తోటల అంచునా దీన్ని పెట్టుకోవచ్చు. చేతికి రావడానికి కొన్నేళ్లు పడుతుందన్నదే అతన్ని వెనక్కి లాగేది. మొదటి కోత దాకా ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో తెలియని పంట వేయమని చిన్న రైతుకు చెప్పడం అన్యాయం. ఏటా టన్నులకొద్దీ వేరు కొనే షర్బత్ కంపెనీలు, ఆయుర్వేద మందుల కంపెనీలు రాతపూర్వకంగా ధర ఒప్పుకోవాలి.

అయితే తోటలు వస్తే అడవి సంగతి వదిలేయవచ్చని అనుకుంటే అది పెద్ద పొరపాటు. తోటలో నాటేది కొన్ని తల్లితీగల సంతానం. శేషాచలం తీగ, నల్లమల తీగ, మైసూరు కొండల తీగ ఒకే జాతివైనా ఒకే తీరువి కావు. ఏ కరువును ఏది తట్టుకుంటుందో ఆ తేడాలోనే దాగి ఉంది. తోటకు తెగులు వస్తే కొత్త గింజ కోసం మళ్లీ కొండ ఎక్కాల్సిందే. దీని దగ్గరి చుట్టం అరయాల్‌పాత్ర సంగతి చూడండి. కేరళ, తమిళనాడు మధ్య అగస్త్యమలలో, కాణి గిరిజనులు మందుగా వాడే మొక్క అది. మహా శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు మీద దానికి మొదట జానకియా అని పేరు పెట్టారు. చిన్న ప్రాంతంలో మిగిలిన ఆ మొక్క ఇప్పుడు విలుప్తానికి అతి చేరువలో ఉంది. కొండకొండకూ వ్యాపించి ఉన్న నన్నారి పరిస్థితి అంత దూరం పోలేదు. చేతిలో ఉన్న ఈ వెసులుబాటును ఖర్చు చేయడానికి నేనైతే ఒప్పుకోను.

అడవిలో చేయాల్సిన పనులు ఖరీదైనవేమీ కావు. కొన్ని వాలులను ఐదారేళ్లు తవ్వకుండా వదిలి, వంతులవారీగా మార్చుకోవడం. ప్రతి కొండ మీదా కొన్ని ముదురు తీగలకు గుర్తు కట్టి, వాటిని గింజకే ఉంచడం. కాయలు పగిలే దాకా ఆ చుట్టుపక్కల ఎవరూ తవ్వకపోవడం. తవ్వి వదిలేసిన పాత గుంతల్లో మట్టి నింపి, తాజా గింజ వేసి, ముళ్లకంప కప్పడం. మొలకలున్న చోట ఎండుగడ్డి తీసి మంట దాటకుండా దారి చేయడం. వన సంరక్షణ సమితులు మన రాష్ట్రంలో మూడు దశాబ్దాలుగా ఉన్నాయి. వాటి పనుల పట్టికలో టేకు, వెదురు ఉన్నాయి. నన్నారిని కూడా అందులో రాయవచ్చు.

షర్బత్ తాగే మనం చేయగలిగింది కూడా ఉంది. సీసాల్లో కొన్ని వేరు సారంతో చేసినవి, ఇంకొన్ని సెంటు చుక్కలతో, రంగుతో చేసినవి. లేబుల్ మీద ఏముందో చదవండి. వేరుతో చేసిందైతే ఆ వేరు ఎక్కడిదని అడగండి. కడపలో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా, డల్లాస్‌లో తెలుగువాళ్ల దుకాణంలో కొన్నా ఆ ప్రశ్న చెల్లుతుంది. తోటలో పెంచిందో, గ్రామసభ అనుమతితో అడవి నుంచి తెచ్చిందో సీసా మీద రాయమని కంపెనీలకు చెప్పే అధికారం ప్రభుత్వానికి ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద, అడవి వనరుతో వ్యాపారం చేసేవాళ్లు అక్కడి ప్రజలకు వాటా ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. ఆ వాటా యానాది గుడిసెల దాకా నడిచి వెళ్లాలి.

ఈ పనికి ఋతువు ఉంది. నన్నారి గింజను కొని గోదాములో పెట్టుకుని, నిధులు వచ్చాక నాటుదామంటే కుదరదు. ఎండలు ముదరకముందే కొండ మీద ఎక్కడ కాయ పట్టిందో తవ్వేవాళ్ల చేతే చెప్పించుకోవాలి. ఆ కబురు తెచ్చినందుకు కూలి ఇవ్వాలి. కాయ పగిలే లోపు నర్సరీలో సంచులు నిండి, నీరు పెట్టే మనిషి సిద్ధంగా ఉండాలి. ఒక ఏడాది తప్పితే మళ్లీ పూతదాకా ఆగాల్సిందే, ఆ ఏడాది తవ్వకం మాత్రం ఆగదు.